కొండలను కొలిచిన కెమెరా

అలాస్కా, కెనడాల మధ్య కోస్తా హద్దు తగువుకు మూలం ఒక తప్పుడు పటం. తీరం వెంబడి గోడ కట్టినట్టు ఒకే కొండల వరుస అందులో కనిపించేది. దాన్ని నమ్మి 1825లో రష్యా, బ్రిటన్ ఆ శిఖరాల వెంటే సరిహద్దు పోతుందని ఒప్పందం రాసుకున్నాయి. తీరా చూస్తే అక్కడ వరుసా లేదు, పాడూ లేదు. ఎటు చూసినా కొండలే, వాటి సందుల్లో హిమానీనదాలు, లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు. 1867లో అలాస్కాను కొన్న అమెరికాకు భూమితోపాటు ఆ తగువూ దక్కింది.

అలాంటి చోట గొలుసు పట్టి కొలిచేదెవరు? ఎండ కాసే రోజులే తక్కువ. ఎక్కామా, చూశామా, మబ్బు కమ్మేలోగా దిగామా అన్నట్టుండాలి పని. దానికి తగ్గ పరికరం కెనడా సర్వేయర్ జనరల్ ఎడ్వార్డ్ డెవిల్ దగ్గరుంది. ఫొటోలతో పటం గీయవచ్చని ఫ్రాన్స్‌లో లోసెదా అనే ఆయన అప్పటికే చూపాడు. డెవిల్ ఆ పద్ధతిని రాకీ పర్వతాల్లో పనికి పెట్టాడు. 1893 నుంచి అలాస్కా సరిహద్దులో కెనడా సర్వేయర్లు అదే కెమెరా మోశారు.

కిటుకు చాలా సులువు. కెమెరాను మట్టంగా నిలిపి తీస్తే, ఫొటో అంచుల్లో పడిన గుర్తులను కలిపే గీత కెమెరా ఎత్తును చూపుతుంది. గీతకు పైనున్న శిఖరం మనకన్నా ఎత్తు, కిందిది పల్లం. రెండు కొండల మీంచి తీసిన ఫొటోల్లో ఒకే శిఖరాన్ని పట్టుకుంటే దాని దూరం తేలుతుంది. కటకం నుంచి ఫొటో పడే గాజు పలకకు 15 సెంటీమీటర్లు, బొమ్మ నడుమనున్న శిఖరం గీతకు 5 మిల్లీమీటర్ల పైన, దూరం 6 కిలోమీటర్లు అనుకోండి. శిఖరం కెమెరాకన్నా 200 మీటర్లు ఎత్తున్నట్టే. బళ్లో నేర్చుకున్న సరూప త్రిభుజాలే! ఇలాంటి బిందువులు వందల కొద్దీ తేల్చుకుని, చలికాలమంతా ఆఫీసులో కూర్చుని సమోన్నత రేఖలు గీసేవారు.

1903లో ఈ తగువుపై ఆరుగురు సభ్యుల ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు చాలావరకు అమెరికా వైపే మొగ్గింది. కెనడా సభ్యులిద్దరూ సంతకం పెట్టలేదు. శిఖరాలు ఎక్కడున్నాయో కెమెరా చెప్పగలదు గానీ, ఒప్పందంలోని ‘కొండలు’ ఏవో చెప్పలేదు కదా! అయినా సర్వే సరిపోని ఒక భాగంలో గీత గీయలేమని ట్రిబ్యునలే ఒప్పుకుంది.

తర్వాత కెమెరా విమానమెక్కింది, కొండలెక్కే శ్రమ తగ్గింది. పాత గాజు పలకలు మాత్రం పారేయలేదు. కెనడా కొండలవి లక్షకు పైగా ఉన్నాయి. విక్టోరియా విశ్వవిద్యాలయం వాళ్లు వాటిలో కొన్నింటిని పట్టుకుని, నాటి సర్వేయర్లు నిలబడ్డ చోటే నిలబడి మళ్లీ ఫొటోలు తీస్తున్నారు. పాత ఫొటోలో మంచున్న చోట కొత్త ఫొటోలో చాలాసార్లు రాళ్లే కనిపిస్తున్నాయి.