ర్యాంకు దేన్ని కొలుస్తోంది?

పరీక్షల కొలమానం గురించి చెప్పే మొదటి తరగతిలో నేను తూకం సంగతి ఎత్తుతాను. కిలోకు ప్రతిసారీ వంద గ్రాములు మోసం చేసే కాటా ఎన్నిసార్లు తూచినా ఒకే అంకె చూపుతుంది. దానికి విశ్వసనీయత ఉంది. లేనిదల్లా సప్రమాణత. కొలవవలసినదాన్నే అది కొలుస్తోందా అన్నది రెండో ప్రశ్న. రిజర్వేషన్లపై వాదించేటప్పుడు 'ప్రతిభ' అనే మాట వాడేవారు ఈ రెండో ప్రశ్న దాకా రారు.

2004లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన ఒక పత్రాన్ని వారు చదవాలి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామీణ ప్రాంతంలో 642 మంది బడిపిల్లలకు చిక్కుదారుల బొమ్మలిచ్చారు. పిల్లల పత్రికల్లో 'దారి చూపండి' అంటూ వచ్చేవే. దారి కనుక్కున్న ప్రతి బొమ్మకూ డబ్బు. కులం ప్రస్తావన రానంతసేపు పై కులాల పిల్లలకూ, కింది కులాలుగా ముద్రపడిన పిల్లలకూ తేడా కనబడలేదు. మరికొన్ని బృందాల్లో ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివి, నిజమేనా అని అడిగారు. పిల్లవాడు తల ఊపాలి. అంతే, పెద్ద అంతరం పుట్టుకొచ్చింది. ప్రతిఫలంలో లాటరీకి చోటిచ్చినప్పుడు, కులం తెలిసినా, ఆ అంతరం మాయమైంది. తీర్పు చెప్పేది మనిషి అయితేనే ఆ పిల్లలకు అనుమానం.

బొమ్మలు అవే, పిల్లల తెలివీ అదే. మరి ఆ రెండో గదిలో వచ్చిన మార్కులు దేనివి? సప్రమాణత ప్రశ్నపత్రంలో ఉండదని, మార్కుల నుంచి మనం తీసే నిర్ధారణకే అది వర్తిస్తుందని శామ్యూల్ మెసిక్ చెప్పింది ఇందుకే.

ప్రవేశ పరీక్ష పత్రంపై హాల్‌టికెట్ నంబరే ఉంటుంది కదా అంటారు. సరే. సీటు వచ్చాక హాస్టల్లో తొలిరోజే 'నీ ర్యాంకెంత?' అని అడిగేది స్నేహానికి కాదని అడిగినవాడికీ తెలుసు, తల వంచుకున్నవాడికీ తెలుసు. తర్వాతి నాలుగేళ్ల పరీక్షలు ఆ రెండో గదిలోనే.

మౌఖిక పరీక్షలు ఇంకా అన్యాయం. నేను కూర్చున్న కమిటీల్లో అభ్యర్థి తలుపు తెరవకముందే అతని కేటగిరీ మా ముందు కాగితంపై ఉండేది. రోస్టరుకు ఆ వివరం కావాలి, నిజమే. మార్కులు వేసి, సంతకాలు చేసి, కవరు అంటించాక తెలిస్తే రోస్టరుకు వచ్చే నష్టమేమిటని లిఖితపూర్వకంగా అడిగాను. జవాబు రాలేదు. ఆ గడి ఇంకా అక్కడే ఉంది.