లోయలో ఏరు, నగరంలో కొళాయి

లాస్ ఏంజెలెస్‌లో కాపురముంటున్న తెలుగువాళ్లలో చాలామందికి ఇన్యో అనే పేరు తెలియకపోవచ్చు. కొళాయి తిప్పి కడిగే బియ్యానికి మాత్రం అక్కడి నీళ్లూ అందుతుంటాయి.

కాలిఫోర్నియా తూర్పు అంచున నెవాడాను ఆనుకుని ఉంటుంది ఇన్యో కౌంటీ. విస్తీర్ణం 26 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. జనం 19 వేలు! మన మండలాల్లో చాలావాటిలో ఇంతకు రెట్టింపు ఉంటారు. పడమటి హద్దులో 4,421 మీటర్ల విట్నీ శిఖరం, తూర్పున సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన డెత్ వ్యాలీ. డెత్ వ్యాలీ ఎండల గురించి అందరూ రాస్తారు. అసలు కథంతా సియెర్రా కొండల మంచు కరిగి పారే ఓవెన్స్ నదిది.

ఆ నీళ్లను మొదట కాలువల్లోకి మళ్లించుకున్నది పయూట్ తెగవాళ్లు. 1863లో సైన్యం వాళ్లను దక్షిణాన ఫోర్ట్ తెహోన్‌కు తరిమింది. తర్వాత రైతులొచ్చారు. 1905 నాటికి లాస్ ఏంజెలెస్ తరఫు మనుషులు ఎందుకో చెప్పకుండానే పొలాలు, నీటి హక్కులు కొనేశారు. 1913 నవంబరు 5న నగరానికి 233 మైళ్ల కాలువ పారింది. పంపుల్లేవు, అంతా వాలు మీదే. గేట్లు ఎత్తాక ఇంజినీరు ముల్‌హాలండ్ అన్నది ఒక్కటే: అదిగో, తీసుకోండి!

ఓవెన్స్ లోయ ఊరుకోలేదు. 1924 నవంబరులో రైతులు అక్కడి అలబామా గేట్ల దగ్గర కాలువను స్వాధీనం చేసుకుని నీళ్లన్నీ లోయలోకే వదిలారు. నాలుగు రోజులు అక్కడే మకాం. పిల్లాజెల్లా అందరూ చేరి పొయ్యిలు వెలిగించారు, మాంసం కాల్చుకున్నారు. దగ్గర్లో షూటింగ్‌లో ఉన్న హీరో టామ్ మిక్స్ తన బ్యాండుమేళాన్ని పంపాడట. ఉద్యమానికి పెద్దలు వాటర్సన్ అన్నదమ్ములు, లోయలోని బ్యాంకులూ వాళ్లవే. 1927లో ఆ బ్యాంకులు మూతపడ్డాయి, డబ్బు కాజేసిన నేరం మీద వాళ్లు జైలుకెళ్లారు, జనం దాచుకున్నది పోయింది. దాంతో పోరాటమూ చల్లబడింది.

నది చేరే ఓవెన్స్ సరస్సు నీళ్లు రాక ఎండి ఉప్పు దుమ్ము లేచింది. దాన్ని అణచడానికి నగరం 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాల్సి వచ్చింది. నీళ్లు తేరగా రాలేదన్నమాట.

ఇప్పుడు కౌంటీలో సొంత ఆసాముల చేతుల్లో ఉన్న భూమి రెండు శాతం కూడా లేదు. మిగతాదంతా దాదాపు ప్రభుత్వానిది, కొంత నగరానిది. పశువులు మేపుకునే వాళ్లు నగరానికే కౌలు కడతారు. మిగిలిన ఆధారాలు సర్కారు కొలువులు, పర్యాటకులు. లోన్ పైన్ ఊరి పక్కనున్న రాళ్లగుట్టల్లో హాలీవుడ్ వాళ్లు 1938లో ‘గంగా దిన్’ తీస్తూ మన వాయవ్య సరిహద్దునే దింపేశారు. మేం కొనబట్టే లోయ కాంక్రీటు కాకుండా మిగిలిందని నగరం సమర్థకులంటారు. అందులో నిజం లేకపోలేదు గానీ, వాళ్ల నోట వింటే ఒళ్లు మండుతుంది.

కోర్టుల ఒత్తిడితో 2006 డిసెంబరులో నది దిగువ పాయకు మళ్లీ కాస్త నీళ్లు వదిలారు. 62 మైళ్లు పారాక వాటిలో చాలా భాగాన్ని తోడి కాలువకో, సరస్సులో దుమ్ము అణచడానికో పంపేందుకు చివర్లో ఒక పంపుహౌసు కట్టారు.