బ్రేక్ క్యూ కొంటున్నారా? బరువు కంటే ముందు చూడాల్సినవి ఇవీ

ఫోన్ కొనేముందు మనం ప్రాసెసర్ చూస్తాం, బ్యాటరీ చూస్తాం, నాలుగు రివ్యూలు చదువుతాం. అదే పూల్ ఆడే కుర్రాళ్లు బ్రేక్ క్యూ కొనేటప్పుడు మాత్రం ఒక్కటే అడుగుతారు: "ఎంత బరువుంది?" ఇది కెమెరాకి ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగి ఫోన్ కొనేసినట్టే. అంకె పెద్దదైనంత మాత్రాన ఫోటో బాగా రాదు. బరువు పెరిగినంత మాత్రాన బ్రేక్ కూడా పేలదు.

ఈమధ్య మా ఆత్మకూరు తమ్ముడు ఒకడు మెసేజ్ పెట్టాడు. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాడు, వీకెండ్‌లో పూల్ ఆడతాడు. "అన్నా, కొంచెం కొంచెంగా డబ్బులు దాచా. 21 ఔన్సుల బ్రేక్ క్యూ తీసుకోనా?" అని అడిగాడు. దాచుకున్న డబ్బు కాబట్టి ఒక్క ముక్కలో అవును, కాదు అని చెప్పాలనిపించలేదు. అతనికి చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నా.

అసలు వేరే క్యూ ఎందుకు?

ఆట మొదట్లో త్రిభుజంగా పేర్చిన బాల్స్‌ని తెల్ల బాల్‌తో గట్టిగా కొట్టి చెదరగొట్టడమే బ్రేక్. డబ్ల్యూపీఏ రూల్స్ ప్రకారం 8-బాల్‌లో బ్రేక్ చేసినప్పుడు ఒక్క బాల్ కూడా పాకెట్‌లో పడకపోతే, కనీసం నాలుగు బాల్స్ అయినా కుషన్‌కి తగలాలి. అందుకే ఈ షాట్‌కి మాత్రం అందరూ ఒంట్లో ఉన్న బలమంతా వాడతారు.

మామూలుగా ఆడే క్యూ చివర ఉండే టిప్ తోలుతో చేసింది. దాంతో రోజూ ఫుల్ పవర్ బ్రేక్స్ కొడితే తోలు అణిగిపోతుంది, అంచులు పుట్టగొడుగులా బయటికి పొడుచుకొస్తాయి, చాక్ సరిగ్గా పట్టదు. దాంతో స్పిన్ షాట్లు తేడా కొడతాయి. కాబట్టి బ్రేక్ క్యూతో వచ్చే మొదటి లాభం పవర్ కాదు, మీ మెయిన్ క్యూ టిప్‌ని కాపాడటం. సొంత క్యూ లేకుండా పార్లర్ క్యూతోనే ఆడేవాళ్లకి ఈ లాభం వర్తించదు. ముందు ఆడే క్యూ కొనుక్కోండి, బ్రేక్ క్యూ తర్వాత చూద్దాం.

బరువు: లెక్క ఏం చెప్తోంది?

డబ్ల్యూపీఏ ఒప్పుకునే గరిష్ఠ బరువు 25 ఔన్సులు, అంటే దాదాపు 709 గ్రాములు. మార్కెట్‌లో దొరికే బ్రేక్ క్యూలు ఎక్కువగా 18 నుంచి 21 ఔన్సుల మధ్య ఉంటాయి, అంటే సుమారు 510 నుంచి 595 గ్రాములు. పూల్ బాల్ బరువు 156 నుంచి 170 గ్రాములు.

ఇంటర్‌లో చదివిన కొలిజన్స్ చాప్టర్ గుర్తుందా? అదే ఇక్కడ పనికొస్తుంది. 170 గ్రాముల బాల్‌ని 18 ఔన్సుల క్యూతో ఒకసారి, 21 ఔన్సుల క్యూతో ఒకసారి ఒకే చేతి వేగంతో కొట్టామనుకోండి. బాల్ వేగంలో తేడా 4 శాతం లోపే. ఆ 85 గ్రాముల అదనపు బరువు వల్ల మీ చెయ్యి 4 శాతం నెమ్మదించిందంటే వచ్చిన లాభం వచ్చినట్టే పోయింది. అంతకంటే నెమ్మదిస్తే ఎదురు నష్టం.

క్యారమ్స్ ఆడినవాళ్లకి ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. స్ట్రైకర్ బరువైనది దొరికితే సంబరపడతాం, కానీ వేలు దాన్ని అదే ఊపుతో తోయగలిగినప్పుడే దాని పవర్ తెలుస్తుంది. లేదంటే నేరుగా వెళ్లడం కూడా కష్టమే.

టిప్: అసలు తేడా ఇక్కడుంది

బ్రేక్ క్యూ టిప్స్ రెండు రకాలు. ఒకటి బాగా గట్టిపరిచిన తోలు. రెండోది ఫెనాలిక్, అంటే రెజిన్‌తో చేసిన రాయిలాంటి పదార్థం. తోలు టిప్ తగిలినప్పుడు కొంచెం నొక్కుకుపోయి కొంత శక్తిని మింగేస్తుంది. ఫెనాలిక్ మింగేది తక్కువ. ఫిజిక్స్ భాషలో ఈ బౌన్స్ నిష్పత్తిని తోలుకి 0.73, ఫెనాలిక్‌కి 0.85 అనుకుని లెక్కేస్తే, అదే చేతి వేగానికి బాల్ దాదాపు 7 శాతం ఎక్కువ వేగంతో వెళ్తుంది. మూడు ఔన్సులు పెంచితే వచ్చేదానికంటే ఇదే ఎక్కువ.

అయితే ఫెనాలిక్‌తో రెండు చిక్కులున్నాయి. ఒకటి, చాక్ అంతగా నిలవదు కాబట్టి సెంటర్‌కి దూరంగా కొడితే జారిపోతుంది. రెండు, బాల్స్ పాడవుతాయని కొన్ని పార్లర్లలో దీన్ని రానివ్వరు. మీరు రెగ్యులర్‌గా ఆడే చోట ముందే అడిగి తెలుసుకోండి. కొన్నాక కౌంటర్ దగ్గర వాదన పెట్టుకుని లాభం లేదు.

షాఫ్ట్: "లో డిఫ్లెక్షన్" అనగానే పడిపోకండి

బాల్‌ని సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం కుడివైపు కొడితే అది కొంచెం ఎడమవైపుకి పోతుంది. దీన్నే డిఫ్లెక్షన్ అంటారు. ఆడే క్యూలో ఇది తక్కువుంటే మంచిదే. బ్రేక్‌లో మాత్రం కథ వేరు.

ఫుల్ స్పీడ్‌లో వెనక చెయ్యి కాస్త అటూ ఇటూ అవ్వడం సహజం. అలా అయినప్పుడు క్యూ దిశ ఒకవైపు తిరుగుతుంది, డిఫ్లెక్షన్ బాల్‌ని రెండోవైపుకి నెడుతుంది. మీ ముందు చెయ్యి, అంటే బ్రిడ్జ్, టిప్ నుంచి ఒక నిర్ణీత దూరంలో ఉంటే ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బాల్ నేరుగానే వెళ్తుంది. ప్రతి షాఫ్ట్‌కీ ఈ దూరం వేరుగా ఉంటుంది. డిఫ్లెక్షన్ మరీ తక్కువున్న షాఫ్ట్‌లో ఈ దూరం ఎక్కువ. మీరు బ్రేక్‌లో చెయ్యి దగ్గరగా పెట్టేవాళ్లయితే, ఖరీదైన లో డిఫ్లెక్షన్ షాఫ్ట్ మీ తప్పుల్ని దాచకపోగా ఇంకా పెద్దవి చేసి చూపిస్తుంది.

చెక్ చేయడం సులువే. ఒక బాల్‌కి నేరుగా గురిపెట్టండి. బ్రిడ్జ్ చెయ్యి కదపకుండా వెనక చేతిని మాత్రం పక్కకి జరిపి, తెల్ల బాల్‌ని కొంచెం పక్కన గట్టిగా కొట్టండి. అయినా గురిపెట్టిన బాల్‌కి నిండుగా తగిలిందంటే ఆ షాఫ్ట్ మీ బ్రిడ్జ్‌కి సరిపోయినట్టే.

కార్బన్ ఫైబరా, చెక్కా అంటే, నాకు కార్బన్‌లో నచ్చేది ఒక్క కారణానికి: వంగదు. మా వైపు ఎండాకాలంలో మూసిన కారులో చెక్క షాఫ్ట్‌ని వదిలేస్తే వంకరపోయే ప్రమాదం ఉంది. చెక్కదే తీసుకుంటే మాత్రం కొనేముందు టేబుల్ మీద దొర్లించి చూడండి. వంకరుంటే మధ్యలో లేస్తూ పడుతూ దొర్లుతుంది.

పొడవు గురించి భయం అక్కర్లేదు. మామూలు క్యూ 58 అంగుళాలు. రెండు ముక్కలుగా విప్పితే ఒక్కోటి రెండున్నర అడుగుల లోపే. ఆత్మకూరు నుంచి కొత్తకోట మీదుగా హైదరాబాద్ వెళ్లే బస్సులో భుజానికి తగిలించుకుని దర్జాగా కూర్చోవచ్చు.

మీ ఫోనే మీ టెస్టింగ్ ల్యాబ్

ఇప్పుడు మనకి బాగా తెలిసిన పని. ఫోన్‌లో 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ ఆన్ చేయండి. కొన్ని ఫోన్లలో 960 అని కనిపించేది సాఫ్ట్‌వేర్ మధ్యలో ఫ్రేములు పుట్టించి చూపేది, కొలతలకి అది వద్దు.

1. 9 అడుగుల టేబుల్‌పై తెల్ల బాల్‌ని హెడ్ స్పాట్ మీద పెట్టండి. గుర్తు లేకపోతే, పొడవు వైపు కుషన్ల మీదున్న రెండో డైమండ్స్‌ని కలిపే గీతకి సరిగ్గా మధ్యలో.
2. ఫోన్‌ని పక్క నుంచి, తెల్ల బాల్, ర్యాక్ రెండూ ఫ్రేమ్‌లో పడేలా కదలకుండా నిలబెట్టండి.
3. వీడియోని ఎడిటర్‌లో ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ, టిప్ తగిలిన క్షణం నుంచి ముందు బాల్‌కి తగిలే వరకు ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి.
4. 1048ని ఆ సంఖ్యతో భాగించండి. వచ్చింది గంటకి కిలోమీటర్లు. 8 అడుగుల టేబుల్ అయితే 1048 బదులు 916 వాడండి.

ఉదాహరణకి 33 ఫ్రేములు వస్తే దాదాపు 32 కిలోమీటర్లు. 40 వస్తే 26. బాల్స్ పెద్ద సైజువి, అంటే 57 మిల్లీమీటర్లవి అయితేనే ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది.

ఇప్పుడు పార్లర్ క్యూతో పది బ్రేక్స్ కొట్టండి. తర్వాత ఫ్రెండ్స్‌ని అడిగి 18, 19, 21 ఔన్సుల క్యూలు తీసుకుని ఒక్కోదానితో పదేసి కొట్టండి. స్పీడ్‌తో పాటు ఇంకో రెండు రాసుకోండి: ముందు బాల్‌కి నిండుగా తగిలిందా, తర్వాత తెల్ల బాల్ టేబుల్ మధ్యలో ఆగిందా, పాకెట్‌లోకో కిందకో పోయిందా. స్పీడ్ దాదాపు సమానంగా ఉంటే, ఎక్కువసార్లు నిండుగా తగిలిన బరువే మీది.

స్పీడే సర్వస్వం అయితే 2001లో యూఎస్ ఓపెన్ 9-బాల్ గెలిచిన కోరీ డ్యూయల్ గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. అతనికి పేరు తెచ్చింది నెమ్మదిగా, కంట్రోల్‌తో కొట్టే సాఫ్ట్ బ్రేక్.

ఎవరు కొనాలి, ఎవరు ఆగాలి?

- కొనండి: సొంత ప్లేయింగ్ క్యూ ఉండి, వారానికి రెండు మూడుసార్లు ఆడుతూ, టిప్ త్వరగా పాడవుతున్నవాళ్లు. గట్టి తోలు టిప్, 19 ఔన్సుల దగ్గరతో మొదలుపెట్టండి. బరువు మార్చుకునే బోల్ట్ ఉన్న మోడల్ అయితే ఇంకా మంచిది.
- ఫెనాలిక్ తీసుకోండి: పదిలో ఎనిమిదిసార్లు సెంటర్‌లో కొట్టగలిగి, మీ పార్లర్ కూడా ఒప్పుకుంటే.
- ఆగండి: నెలకోసారి ఆడేవాళ్లు, పార్లర్ క్యూతో ఆడేవాళ్లు, పదిలో సగం బ్రేక్స్‌లో తెల్ల బాల్‌ని పోగొట్టుకునేవాళ్లు. ఆ డబ్బుతో టేబుల్ టైమ్ కొనుక్కోండి, ఎక్కువ లాభం.

మీ దగ్గర తీసిన స్లో మోషన్ వీడియోలో ఎన్ని ఫ్రేములు వచ్చాయో, ఏ బరువు క్యూతో కొట్టారో రాసిపెట్టుకుని షాపుకి వెళ్లండి. అమ్మేవాడు ఎంత బరువు కావాలని అడిగితే చెప్పడానికి మీ దగ్గర సొంత అంకె ఉంటుంది.