కరగని రాగి.. కాపలా కాసే పట్టాలు: భిలాయ్ ఉక్కులో వాహకాల విజ్ఞానం

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): రాగి సుమారు 1,085 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిపోతుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి వేడిగాలి ప్రవేశించే చోట ఉష్ణోగ్రత 2,000 డిగ్రీలు దాటుతుంది. అయినా ఆ గాలిని లోపలికి పంపే ట్వియర్ గొట్టాలను రాగితోనే తయారు చేస్తారు. తనకు సోకిన వేడిని రాగి నిలవనీయదు. తన లోపల నిరంతరం ప్రవహించే నీటికి వెంటనే అందిస్తుంది. ఆ నీరు ఆగితే గొట్టం దక్కదు.

సోవియట్ సహకారంతో నిర్మితమైన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉక్కు తయారీలో ఉష్ణవాహకాలతో పాటు ఉష్ణబంధకాలూ అవసరమే. ద్రవ లోహాన్ని మోసే పాత్రలకు లోపలివైపు అగ్నినిరోధక ఇటుకలు పేరుస్తారు. అవి వేడిని అతి నెమ్మదిగా బయటికి పోనిస్తూ పైనున్న ఉక్కు తొడుగును కాపాడతాయి.

లోహాలలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడక స్వేచ్ఛగా సంచరిస్తాయి. వేడినీ విద్యుత్తునూ ప్రధానంగా మోసేవి అవే. కర్ర, రబ్బరు, ప్లాస్టిక్‌లలో అటువంటి ఎలక్ట్రాన్లు దాదాపు ఉండవు. అయితే లోహాలన్నీ సమానం కావు. స్టెయిన్‌లెస్ స్టీలు కంటే రాగి సుమారు 25 రెట్లు అధికంగా వేడిని ప్రసరింపజేస్తుంది. వంటింటి స్టీలు గిన్నెలకు అడుగున రాగి పొర వేయడం, కుక్కర్‌కు బేకలైట్ పిడి అమర్చడం ఇందుకే.

భిలాయ్ ప్రధాన ఉత్పత్తి అయిన రైలు పట్టాలు సైతం విద్యుద్వాహకాలే. ట్రాక్ సర్క్యూట్ ఉన్న మార్గాలలో పట్టాల గుండా స్వల్ప విద్యుత్తును పంపుతారు. రైలు రాగానే చక్రాలు, ఇరుసు రెండు పట్టాలనూ కలిపివేస్తాయి. దానితో విద్యుత్తు రిలేకు చేరక, వెనుక సిగ్నల్ ఎరుపుకు మారుతుంది. పట్టా పూర్తిగా విరిగినా సాధారణంగా ఇదే జరుగుతుంది. ఒక భాగంలోని విద్యుత్తు మరో భాగంలోకి పోకుండా బంధక అతుకులు, పట్టా నుంచి స్లీపర్‌కు పోకుండా రబ్బరు ప్యాడ్లు, నైలాన్ లైనర్లు అడ్డుకుంటాయి.

ఈ ఏర్పాటుకు తడి శత్రువు. కంకర నీటిలో మునిగితే పట్టాల మధ్య విద్యుత్తు లీకై, రైలు లేకున్నా సిగ్నల్ ఎరుపు చూపవచ్చు. అక్కడ నష్టం ఆలస్యం మాత్రమే. ఇంట్లో అయితే ప్రాణానికే ముప్పు. పొడి కర్ర విద్యుత్తును అడ్డుకుంటుంది, తడిస్తే ఆ రక్షణ ఉండదు. విద్యుదాఘాతానికి గురైనవారిని తాకకుండా మొదట మెయిన్ స్విచ్ ఆపాలనడం అందుకే.