రైతు వీపు మీద లిథియం

కలకడ, గుర్రంకొండ వైపు టమాటా తోటల్లో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌ను ఒకసారి తిరగేసి చూడండి. పాత మిషన్లలో అడుగున నల్లటి సీసం బ్యాటరీ ఉంటుంది: 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్లు, బరువు రెండున్నర కేజీల దాకా. కొత్తగా కొన్న కొన్నిటిలో అదే చోట ప్లాస్టిక్ తొడుగు చుట్టిన చిన్న లిథియం పొట్లం కనిపిస్తుంది. శక్తి దాదాపు అంతే, బరువు మాత్రం ముప్పావు కేజీ లోపే. పదహారు లీటర్ల మందు నీళ్లు మోస్తూ సాళ్ల వెంట తిరిగే మనిషికి ఆ తేడా ఎంతో సాయంత్రానికి నడుమే చెబుతుంది.

బ్యాటరీలో కరెంటు పుట్టాలంటే లోహం ఎలక్ట్రాన్లను వదలాలి. సీసం పరమాణు భారం 207, వదిలేది రెండు ఎలక్ట్రాన్లు. లిథియం భారం 7, వదిలేది ఒకటి. లెక్క వేస్తే, 15 గ్రాముల సీసం చేసే పనికి ఒక్క గ్రాము లిథియం సరిపోతుంది. పైగా ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవడానికి లిథియానికి ఉన్నంత తొందర మరే లోహానికీ లేదు. అందుకే సీసం సెల్ 2 వోల్టుల దగ్గర ఆగితే లిథియం సెల్ 3.7 వోల్టులు ఇస్తుంది. అక్కడ ఆరు సెల్‌లు వరసగా పెట్టాల్సిన చోట ఇక్కడ మూడు చాలు.

2 ఆంపియర్ అవర్ల సెల్‌లతో కట్టిన పొట్లమైతే, నాలుగేసి సెల్‌ల జట్లు మూడు, మొత్తం పన్నెండు సెల్‌లు ఉంటాయి. ఒక్కోటి 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఒక ఆంపియర్ అవర్‌కు కదలాల్సిన లిథియం పావు గ్రాము. అంటే పొట్లం మొత్తంలో పని చేసే లిథియం ఆరు గ్రాములు! మిగిలిన బరువంతా రాగి రేకు, అల్యూమినియం రేకు, గ్రాఫైట్, నికెల్, కోబాల్ట్ లాంటి లోహాల ఆక్సైడ్లు, ఉక్కు డబ్బా.

ఈ లోహం జాడ 1817లో దొరికింది. స్వీడన్‌లోని ఉటో దీవి నుంచి వచ్చిన పెటలైట్ రాయిని విశ్లేషిస్తూ ఆర్ఫ్వెడ్సన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని గుర్తించాడు. 1821లో బ్రాండే అనే మరో శాస్త్రవేత్త కరెంటు పంపించి కాస్త లోహాన్ని విడదీశాడు. చాకుతో కోయగలిగేంత మెత్తన, నీటి సాంద్రతలో సగం. సోడియంను కిరోసిన్‌లో ముంచి దాస్తారని బడిలో చదువుకున్నాం కదా, లిథియం ఆ కిరోసిన్ మీద కూడా తేలుతుంది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దీని లవణాన్ని ఉన్మాద రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలను ప్రచురించాడు. బైపోలార్ జబ్బుకు ఇప్పటికీ ఇది ముఖ్యమైన మందే, కాకపోతే రక్తంలో మోతాదు చూసుకుంటూ వాడాలి.

1970లలో విటింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త చేసిన తొలి లిథియం బ్యాటరీల్లో లోహాన్నే వాడారు. అవి అంటుకునేవి. 1980లో గుడ్‌ఎనఫ్ బృందం కోబాల్ట్ ఆక్సైడ్‌ను, 1985లో యోషినో కార్బన్ పదార్థాన్ని తెచ్చాక, లోహం బదులు అయాన్లు రెండు పొరల మధ్య రాకపోకలు సాగించే సెల్ తయారైంది. సోనీ దాన్ని 1991లో అమ్మకానికి పెట్టింది. ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది.

కలకడ, గుర్రంకొండ ఉన్న పాత చిత్తూరు జిల్లాకు బ్యాటరీ కొత్తదేమీ కాదు. పేటమిట్టకు చెందిన గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించిన అమరరాజా, తిరుపతి దగ్గర కరకంబాడిలో సీసం బ్యాటరీలతోనే పెద్దదైంది. ఇప్పుడు అదే సంస్థ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్‌ల ఫ్యాక్టరీకి దిగింది. 9,500 కోట్ల ప్రణాళిక, 2023లో శంకుస్థాపన. అంతకు ముందే 2022 సెప్టెంబరులో తిరుపతిలో మునోత్ ఇండస్ట్రీస్ 165 కోట్లతో కట్టిన సెల్ ప్లాంటులో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది.

సెల్ తయారీ సీసం పలకలు పోతపోసినంత సులువు కాదు. మన వెంట్రుక మందంలో పదోవంతు లాంటి రాగి రేకు మీద గ్రాఫైట్ ముద్ద సమంగా పూయాలి. లోపలి లిథియం లవణానికి తేమ తగిలిందంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది, కాబట్టి గదిలో గాలినే ఎండబెట్టాలి. లిథియం గనులు మనకు లేవని దిగులుపడే వాళ్లున్నారు. కశ్మీర్‌లోని రియాసీ నిల్వల వార్తకు 2023లో పండగ చేసుకున్నాం కూడా. ఆరు గ్రాముల లెక్క చూశాక నాకు మాత్రం గని కన్నా ఆ పొడి గదే ముఖ్యమనిపిస్తుంది. ముడిసరుకు ఆస్ట్రేలియా రాయి నుంచీ రావచ్చు, చిలీలో ఉప్పు మళ్ల లాంటి చెరువుల్లో నెలల తరబడి ఎండబెట్టిన ఉప్పునీటి నుంచీ రావచ్చు. సెల్ కట్టే చేతులు మాత్రం ఇక్కడే తయారవ్వాలి.

స్ప్రేయర్ ఉన్నవాళ్లకు ఒక మాట. పాత సీసం బ్యాటరీ చార్జరును కొత్త పొట్లానికి తగిలించొద్దు. అది 14 వోల్టులు దాటుతుంది, దీని హద్దు 12.6. లోపలి రక్షణ సర్క్యూట్ ప్రతిసారీ ఆదుకుంటుందన్న నమ్మకం లేదు. ఉబ్బిన పొట్లాన్ని వెంటనే పక్కన పెట్టేయండి. పాత సీసం బ్యాటరీని కిలో లెక్కన కొనే పాత సామాన్ల అంగడివాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు, కనుక గట్టు మీదకో కుప్పలోకో చేరుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది. కొనేటప్పుడే, పాతది ఎక్కడ తిరిగి తీసుకుంటారో అంగడివాడిని అడగండి.