బాక్టీరియాలో క్రోమోసోముల పంపకం

బాక్టీరియా కణం రెండుగా చీలే ముందు తన క్రోమోసోముకు నకలు తీసి, ఆ రెండు ప్రతులను కణంలోని చెరొక సగానికి చేర్చుతుంది. ఈ ప్రక్రియనే క్రోమోసోముల పంపకం అనవచ్చును. జంతువుల, మొక్కల కణాలలో ఈ పనిని కండె పోగులు చేస్తాయి. బాక్టీరియాకు కేంద్రక త్వచం లేదు, కండె కూడా లేదు. అందువలన పాఠ్యపుస్తకాలు దీనిని "ద్విధావిచ్ఛిత్తి" అనే ఒక్క మాటతో దాటవేయడం పరిపాటి. నిజానికి ఇది అంత సులువైన వ్యవహారం కాదు.

సమస్య

మన పేగులలో నివసించే ఈ. కోలై కణం పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. దాని క్రోమోసోము దాదాపు 46 లక్షల క్షార జంటలు గల ఒక వలయం. చాచితే 1.5 మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది, అనగా కణం పొడవుకు 700 రెట్లు మించి. నకలు తీయడానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. కాని మంచి ఆహారం దొరికితే ఈ కణం 20 నిమిషాలకే చీలగలదు! ఒక నకలు పూర్తికాకముందే తరువాతి నకలు మొదలుకావడమే ఇందులోని కిటుకు. పిల్లకణం పుట్టేసరికే దాని పిల్లల కొరకు నకలు సగం సిద్ధమై ఉంటుంది. కనుక మన కణాలలో వలె నకలు ముగిసిన తరువాత పంపకం అనే వరుస ఇక్కడ చెల్లదు. రెండూ కలిసే సాగుతాయి.

తొలి ఊహ

1963లో జాకబ్, బ్రెన్నర్, కూజాఁ అనే శాస్త్రవేత్తలు ఒక ఊహను ప్రతిపాదించారు. రెండు ప్రతులూ కణత్వచానికి అతుక్కుని ఉంటాయనీ, వాటి నడుమ త్వచం పెరిగేకొద్దీ అవి దూరమవుతాయనీ దీని సారాంశం. చక్కని ఊహే. అయితే 1990ల చివర క్రోమోసోముపై మెరిసే గుర్తులు పెట్టి చూడగా, నకలు మొదలయ్యే స్థానాలు కణం పెరిగే వేగం కంటె చాలా త్వరగా విడిపోతున్నట్లు తేలింది.

లాగేది ఎవరు?

కాలోబాక్టర్ అనే మంచినీటి బాక్టీరియాలో దీనికి స్పష్టమైన సమాధానం దొరికింది. నకలు మొదలయ్యే స్థానానికి దగ్గరలో పార్-ఎస్ అనే వరుస ఉంది. పార్-బి ప్రోటీన్ దానిపై గుమిగూడుతుంది. పార్-ఎ ప్రోటీన్ క్రోమోసోము అంతటా పరచుకుని ఉంటుంది. పార్-బి తాకిన చోట పార్-ఎ ఊడిపోతుంది. మేసిన చోటు వదలి పచ్చిక ఉన్న వైపు జరిగే మేక వలె, పార్-బి గుంపు పార్-ఎ మిగిలిన దిక్కుకే జరుగుతూ, కొత్త ప్రతిని ఎదుటి కొనకు చేర్చుతుంది. అక్కడ పాప్-జెడ్ అనే ప్రోటీన్ దానిని పట్టి ఉంచుతుంది.

విచిత్రమేమంటే ఈ. కోలై క్రోమోసోములో ఈ ఏర్పాటు లేదు. అక్కడ మక్-బి అనే ప్రోటీనూ దాని తోడు ప్రోటీన్లూ డీ.ఎన్.ఏ.ను ఉచ్చులుగా మడిచి సర్దుతాయి. ఇరుకు గొట్టంలోని రెండు పొడవాటి గొలుసులు వాటంతట అవే విడిపోవడానికి మొగ్గుచూపుతాయని 2006లో జున్, ముల్డర్ లెక్కకట్టి చూపారు. ఇందులో దేని పాత్ర ఎంత అన్నదానిపై శాస్త్రవేత్తలలో ఏకాభిప్రాయం లేదు.

కోత ఎక్కడ?

చీలిక చోటును ఎఫ్.టి.ఎస్.-జెడ్ ప్రోటీన్ వలయం నిర్ణయిస్తుంది. ఇది మన కండె పోగులను కట్టే ట్యూబ్యులిన్‌కు దూరపు చుట్టం; అక్కడ క్రోమోసోములను లాగే వంశం ఇక్కడ అడ్డుగోడ పనిలో ఉంది. కొనల వద్ద ఈ వలయం ఏర్పడకుండా మిన్ ప్రోటీన్లు సుమారు నిమిషానికొకసారి ఈ కొన నుండి ఆ కొనకు ఊగిసలాడుతూ కాపలా కాస్తాయి. ఇవి లోపిస్తే కొన వద్ద చీలిక ఏర్పడి, క్రోమోసోము లేని బుల్లి కణాలు పుడతాయి.

చివరి చిక్కు

వలయానికి నకలు తీస్తే రెండు కొత్త వలయాలు గొలుసు లంకెల వలె చిక్కుకుంటాయి. టోపోఐసోమరేజ్-4 అనే ఎంజైము ఒక వలయాన్ని తెంచి, రెండవదానిని ఆ సందులోనుండి దాటించి, తెగినదానిని మళ్ళీ అతుకుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు దెబ్బతీసేది ఈ ఎంజైమునూ, దీని సోదరి అయిన గైరేజునూ. తెంచిన తరువాత అతకనివ్వకుండా ఇవి అడ్డుపడతాయి. తెగిన క్రోమోసోముతో కణం చనిపోతుంది. ఈ ఎంజైముల జన్యువులలో చిన్న మార్పు వస్తే మందు సరిగా అంటుకోదు. ఈ మందులకు లొంగని బాక్టీరియాలో తరచు కనబడేది ఆ మార్పే.