అపరిగ్రహము



పతంజలి మహర్షి యోగసూత్రముల రెండవ పాదమున చెప్పిన ఐదు యమములలో చివరిది అపరిగ్రహము. వస్తువులను కూడబెట్టక విడుచుట అని దీని భావము. ఏల విడువవలయును? వ్యాసభాష్యము వానియందు ఐదు దోషములను చూపుచున్నది. సంపాదించుటలో శ్రమ, కాపాడుటలో చింత, నశించినపుడు దుఃఖము, అనుభవించుకొలది పెరుగు ఆసక్తి. ఈ నాలుగును అందరెరిగినవే. ఐదవది హింస. పరపీడ లేక భోగము కలుగదని తాత్పర్యము.

దీనిని ఎందరికో పాఠము చెప్పియు మేము గ్రహింపలేదు. సభలలో కప్పిన శాలువలను పెట్టెలో దాచి, కలరా ఉండలు వేసి కాపాడుచుంటిమి. ఒక పుష్యమాసపు వేకువను ఆలయ మండపమున గోనెపట్టా కప్పుకొని వణకుచున్న వృద్ధురాలిని చూచితిమి. మా పెట్టెలోని హింస అప్పుడు కనబడినది. ఆ ఉదయమే రెండు శాలువలుంచుకొని తక్కినవి పంచివేసితిమి.

గృహస్థులు సర్వమును త్యజింపనక్కరలేదు. ఏడాదిగా ముట్టని వస్తువును అటకపై నుండి దింపి, పాడుకాక మునుపే అక్కరగలవారికిండు. పాలుడిగిన గోవులను దానమిచ్చు తండ్రిని చూచి నచికేతుడు కలతపడెనని కఠోపనిషత్తు చెప్పుచున్నది గదా! పనికిరానిదానిని వదలించుకొనుట దానము కాదు. పనికివచ్చునదే ఈయవలయును.